వ్రాయుటకేమున్నది?

వ్యాసరచన గంటలో మన విద్యార్థులు నోటితో అడుగకపోయినను ముఖముతో అడుగు ప్రశ్న ఒకటి కలదు: "వ్రాయుటకేమున్నది?" ఉపాధ్యాయుడు నల్లబల్లపై 'వర్షాకాలము' అని వ్రాసి కుర్చీలో కూర్చుండును. నలువది కలములు ఒక్కసారిగా కదలును. నలువది పుస్తకములలో ఒకే ఆకాశము మేఘావృతమగును, ఒకే నెమలి పురి విప్పును, ఒకే రైతు హర్షించును. ఆ నలువదిమందిలో నెమలిని కన్నులార చూచినవారెందరో, ఆ యేటి వానలకు ఇంటికప్పు కారుచుండగా రాత్రియంతయు గిన్నెలు మార్చి మార్చి పెట్టినవారెందరో ఉపాధ్యాయునకు తెలియదు. తెలిసికొనుటకు ఆ వ్యాసములలో దారి లేదు. గిన్నెలు పెట్టిన పిల్లవాడు సైతము నెమలిని గూర్చియే వ్రాసియుండును.

దీనికి పిల్లలను నిందించుట తేలిక. గైడు పుస్తకములను నిందించుట ఇంకను తేలిక. 2022వ సంవత్సరాంతము నుండి, అడిగినదే తడవుగా వ్యాసము వ్రాసియిచ్చు యంత్రము ఒకటి లోకమునకు అందివచ్చి, క్రమముగా చేతిలోని ఫోనులోనికే వచ్చి కూర్చున్నది కనుక, నిందకు మరియొక పాత్రము కూడ దొరకినది. కాని ఈ జాడ్యము ఫోనుకంటె పాతది, గైడుకంటెను పాతది. 'వర్షాకాలము' అని ఒక మాట వ్రాసి ఊరకుండుట ప్రశ్న అడుగుట కాదు. అది బాలుని నడిబయలున నిలిపి, ఎటు పోయినను సరే పొమ్మనుట. ఎటు పోయినను సరే అన్నప్పుడు ఎవడైనను బండిజాడనే పట్టుకొని పోవును. మనసు కూడ అంతియే. దానికి మొట్టమొదట దొరకు మాట ఎల్లప్పుడును పదిమంది వాడి వదలిపెట్టిన మాటయే.

సృజనాత్మకముగా ఆలోచించుట యెట్లు, కొత్త విషయములను కల్పించుట యెట్లు అనుటకు నేడు అనేక పద్ధతులు ప్రచారములో నున్నవి. ఉపాధ్యాయుల శిక్షణ తరగతులలోను ఈ మాట తరచు వినబడుచున్నది. మనసును స్వేచ్ఛగా వదలిన కొత్త ఊహలు తామే వచ్చునని వానిలో పెక్కింటి సారాంశము. మన తెలుగుదేశపు అనుభవము మాత్రము ఇందుకు భిన్నముగా నున్నది. ఊహకు అడ్డు పెట్టుము, అప్పుడు అది లేచును అని మనవారు తెలిసికొనిరి. తెలిసికొని, దానినొక విద్యగా మలచిరి. అవధానమును గూర్చి చెప్పుచున్నాము.

అవధానము అనగానే మనకు ధారణాశక్తి, ఆశుధార, గంటలు లెక్కించుట గుర్తు వచ్చును. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు (1872-1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు (1870-1950) జంటగా సంస్థానములలోను పట్టణములలోను చేసిన అవధానములను గూర్చి వినినవారెల్ల వారి జ్ఞాపకశక్తిని, వేగమును మెచ్చుకొందురు. మెచ్చుకొనవలసినదే. కాని బడిపంతులు అవధానసభకు పోయినచో అవధానిని కాక, ఆయనకు ఎదురుగా కూర్చున్న పృచ్ఛకులను చూడవలెనని మా అభిప్రాయము. 'వసంతమును గూర్చి చెప్పుడు' అని ఊరకుండు పృచ్ఛకుడు ఆ సభలో ఉండడు. వర్ణన అడుగువాడు సైతము ఇట్టి సందర్భము, ఇట్టి ఛందస్సు అని గిరి గీసియే అడుగును. ఒకడు అసంభవమైన పాదమును ఇచ్చి నిజము చేయుమనును, అది సమస్య. ఒకడు పొంతన లేని నాలుగు మాటలిచ్చి పొత్తు కుదుర్పుమనును, అది దత్తపది. మరియొకడు నోట మాట రాబోవునంతలో ఈ అక్షరము కూడదనును, అది నిషిద్ధాక్షరి. ఇంతకంటె చక్కగా అడ్డు పెట్టు నేర్పు మరెక్కడ నున్నది?

సమస్యను ఎట్లు పూరింతురో ఒక్కమారు నిదానముగా చూతము. పద్యము జోలికి పోక, వచనముననే 'చీమ యేనుగును మ్రింగెను' అని ఇచ్చితిమనుకొందము. దీనికి లొంగు దారులు పెక్కు కలవు. పాదమునకు ముందు ఒకటి రెండక్షరములు చేర్చి మాటల విరుపునే మార్చివేయుట ఒక దారి. ఆ మాటను కల గన్న బాలుని నోటనో, కల్లు త్రాగినవాని నోటనో పెట్టుట రెండవది. క్రమాలంకారమను ఉపాయము మూడవది: పుట్ట పెట్టునదేది? చీమ. కథలోని రాక్షసుడు ఏమి చేసెను? ఏనుగును మ్రింగెను. ఇట్లు వాక్యమును రెండుగా త్రుంచి, రెండు ప్రశ్నలకు రెండు జవాబులుగా చేసిన చిక్కు విడిపోవును. ఇవియన్నియు నేర్పుగల పూరణములే. వీనిలో భాషపై అధికారమున్నది, తర్కమున్నది. కాని నాలుగవ దారియొకటి కలదు. తిరునాళ్లలో పంచదార చిలుకలు పోసి అమ్మువాని అచ్చులలో ఏనుగు అచ్చు కూడ ఉండవచ్చును గదా! ఆ పంచదార ఏనుగును పిల్లవాడు తినక దాచుకొని గూటిలో పెట్టెను. తెల్లవారుసరికి చీమలు దానిని హరించినవి. ఈ పూరణమునందు చీమ చీమయే, మ్రింగుట మ్రింగుటయే. ఏనుగు మాత్రము అడవినుండి తిరునాళ్లకు వచ్చినది. దానివెంట దాచుకొనుట అను పిల్లల స్వభావమును, ఉదయము గూడు చూచుకొన్నప్పటి దుఃఖమును వచ్చినవి. మొదటి మూడును సమస్యను విడగొట్టినవి. నాలుగవది ఒక కథను తెచ్చినది. బడిలో మనకు కావలసినది ఈ నాలుగవదే.

ఇంటర్మీడియట్ తరగతిలో మేమొకసారి 'ఎండకు తడియును, వానకు ఎండును' అను వాక్యమునిచ్చి, ఇది దేనిని గూర్చిన మాటయో పది పంక్తులలో వ్రాయుడంటిమి. కొంతసేపు ఎవరును కలము కదపలేదు. ఆ నిశ్శబ్దమునకు ఉపాధ్యాయుడు భయపడరాదు. వర్షాకాలపు వ్యాసమున దొరకనిది అదియే. తరువాత వచ్చిన జవాబులలో కొన్ని చమత్కారములు, కొన్ని తప్పించుకొనుటలు. ఒక బాలిక మాత్రము తన తల్లి పైటను గూర్చి వ్రాసినది. ఎండ కాయు దినమున కూలికి పోవును గనుక పైట చెమటకు తడియును. వాన పట్టిన దినమున పని యుండదు గనుక ఇంటనే కూర్చుండును, పైట పొడిగా నుండును. ఆనాడు పొయ్యిమీది కుండయు పొడిగానే యుండునని ఆ వ్రాత భావము. ఆమెకు 'వర్షాకాలము' అని విషయమిచ్చియున్నచో మనకు నెమలియే దక్కియుండెడిది. ఆమె యెరిగిన వాన వేరు. ఆ వాన కాగితముపైకి వచ్చుటకు దానిని తలక్రిందుగా అడుగు వాక్యము కావలసివచ్చినది.

ఇక నిషిద్ధమునకు వత్తము. ఒక అక్షరమునో, ఒక వర్గమునో విడిచి కావ్యము చెప్పుట మనకు పాత విద్యయే. దండి దశకుమారచరిత్రమున మంత్రగుప్తుడు తన కథను పెదవులు తాకు అక్షరములు లేకుండ చెప్పును. ప్రియురాలి దంతక్షతములచే అతని పెదవి నొచ్చియుండుట అందుకు కారణము. కనుక అక్కడ ఆ నియమము గారడీగా నుండక కథలోనే కలిసిపోయినది. తెలుగున మరింగంటి సింగరాచార్యుడు 16వ శతాబ్దమున దశరథరాజనందన చరిత్రమును నిరోష్ఠ్యముగా రచించెను. ఇది మన పండితుల వెర్రి యని నవ్వువారు ఫ్రాన్సు దేశమునకు పోయి చూడవచ్చును. అక్కడ 1960లో రెమో కెనో, ఫ్రాన్స్వా లె లియొనె అనువారు, నియమములు పెట్టుకొని వ్రాయు రచయితల బృందమొకటి స్థాపించిరి. దానికి 'ఊలిపో' అని పేరు. ఆ బృందమువాడైన జార్జి పెరెక్ 1969లో ఫ్రెంచి భాషయందు అన్నిటికంటె ఎక్కువగా వచ్చు 'ఇ' అక్షరము (వారి వర్ణమాలలో ఐదవది) ఒక్కటియు లేకుండ ఒక నవలను ప్రకటించెను. పెరెక్ తండ్రి 1940లో యుద్ధమున మరణించెను; తల్లి 1943లో ఆష్‌విట్జ్ శిబిరమునకు తరలింపబడి తిరిగి రాలేదు. ఆ నవలలో లేని అక్షరము అతని ఇంటిలో లేనివారికి గుర్తని పెక్కుమంది విమర్శకులు చదువుకొన్నారు. నియమము ఆటగా మొదలై ఎంత లోతునకు దిగగలదో చెప్పుటకు ఇంతకంటె వేరు ఉదాహరణము అక్కరలేదు.

బడిలో అక్షరములను నిషేధింపనక్కరలేదు, మాటలను నిషేధించిన చాలును. 'చెట్టు' అని విషయమిచ్చి, ఆ మాట వినగానే ఎవరికేమి తోచునో చెప్పుడని పిల్లలనే అడుగవలెను. పచ్చదనము, నీడ, ఫలములు, పక్షులు, గాలి, పరోపకారము అని వారే వరుసగా చెప్పుదురు. వానినన్నిటిని నల్లబల్లపై వ్రాసి, ఒక్కొక్కదానిపై అడ్డగీత గీయవలెను. ఇప్పుడు ఈ మాటలలో ఏదియు రాకుండ చెట్టును గూర్చి వ్రాయుడనవలెను. మొదట విసుగు పుట్టును, కొందరు అలుగుదురు. ఆ పిమ్మట ఒక్కొక్కడు తల యెత్తి కిటికీలోనుండి బయటకు చూచును. బయట నున్నది వ్యాసములోని చెట్టు కాదు, వేపచెట్టు. దాని బోదెకు ఎవరో మేకు కొట్టినారు. ఆ మేకునకు సైకిలు ట్యూబు వ్రేలాడుచున్నది. క్రిందటి ఎన్నికలలో కట్టిన అట్ట సగము చిరిగి ఇంకను ఉన్నది. తీగలకు తగులునని విద్యుత్తువారు ఒక ప్రక్క కొమ్మలన్నియు నరికినారు గనుక చెట్టు ఒరిగినట్లున్నది. పరోపకారమను మాట అడ్డు తొలగినంతనే ఇవియన్నియు కంటబడినవి.

పల్లెటూరి పిల్లలకు ఈ విద్య కొత్తదియు కాదు. పొడుపుకథ యనగా నేమి? వస్తువు పేరు నిషిద్ధము. ఆ పేరు చెప్పకుండ వస్తువును కళ్లకు కట్టవలెను. అవ్వ చెప్పిన పొడుపులను విప్పుటయే కాక, తరగతిలోని సుద్దముక్కనో, మధ్యాహ్న భోజనపు గరిటెనో కొత్తగా పొడువుమన్నచో ఆరవ తరగతి పిల్లవాడు కూడ పరిశీలనము మొదలుపెట్టును. దీనికి శిక్షణ తరగతులు అక్కరలేదు.

అయితే అవధానమును ఉన్నదున్నట్లు తెచ్చి బడిలో నిలుపుమని మేము చెప్పుట లేదు. దానిలోని లోపమును కూడ చెప్పుకొనవలెను. అవధానసభలలో పుట్టిన వేలకొలది పద్యములలో మరునాటి ఉదయమునకు మిగిలినవి స్వల్పము. కారణము వేగము మాత్రమే కాదు. అడ్డు పెట్టినను, దానిని దాటుటకు వాడు సామగ్రి తరచు పాతదే: ఆ గోపికలు, ఆ చంద్రుడు, ఆ శివుని జటాజూటము. వంటింటి మాటలు నాలుగిచ్చి భారతార్థమున చెప్పుమన్నచో, అవధాని ఆ మాటలను విరిచి సంస్కృత సమాసములలో కలిపివేయును. వంటిల్లు మాయమై భారతము మిగులును. సభ చప్పట్లు కొట్టును. మనము కొట్టరాదు. మాటను మాయము చేయు నియమము మాటలనే పెంచును. వస్తువును చూడక తప్పని నియమము విషయమును పెంచును. ఏ అభ్యాసమును తరగతికి తెచ్చినను ఉపాధ్యాయుడు ముందుగా ఈ తేడాను చూచుకొనవలెను.

దత్తపదినే తీసికొందము. తాళముచెవి, పెండ్లిపత్రిక, ఎండుమిరపకాయలు, రైలు అని నాలుగు మాటలిచ్చి, వానిని విరువక, వానివాని అర్థములలోనే ఒక కథలో కూర్చుడనిన చాలును. ఇటలీలో జాన్ని రోదారి (1920-1980) ఇట్టి పని చేసెను. బాలసాహిత్యమునకు 1970లో ఆండర్సన్ బహుమతి పొందిన ఆ రచయిత, 1972లో రెజియో ఎమిలియా పట్టణమున ఉపాధ్యాయులతో చేసిన గోష్ఠుల ఆధారముగా, కల్పనా వ్యాకరణమని చెప్పదగిన గ్రంథమును మరుసటి సంవత్సరము వెలువరించెను. ఒక్క మాట నుండి కథ పుట్టదు, రెండు మాటలు కావలెను, అవి ఒకదానికొకటి దూరమువై యుండవలెనని అతని సూత్రము. కుక్క, బీరువా అని అతడిచ్చిన ఉదాహరణము. కుక్కను గూర్చి వ్రాయుమన్న విశ్వాసమను మాట వచ్చును. బీరువాలోని కుక్క యనిన, అది అందులోనికెట్లు పోయెనని అడుగక తప్పదు. అడిగినంతనే కథ మొదలైనది. మన దత్తపదిని రోదారి యెరుగడు. రోదారిని మన పృచ్ఛకులెరుగరు. ఇరువురును ఒకే తలుపు తట్టిరి.

ఇంతవరకు చెప్పినది పిల్లల అభ్యాసముల మాట. పెద్ద రచనలు కూడ ఇట్లే పుట్టునా యని విద్యార్థులు అడుగుదురు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును ఈ దృష్టితో చూడవచ్చును. దానికి వెనుక ముందుగా నున్నది ఊహ కాదు, జాబితా. విజయనగరము మహారాజావారు విశాఖపట్టణము జిల్లాలో మూడు సంవత్సరములలో బ్రాహ్మణ కుటుంబములయందు జరిగిన శుల్కవివాహముల పట్టిక తయారు చేయింపగా, ఆ సంఖ్య 1,034 అని తేలినట్లు గురజాడవారు ఇంగ్లీషు పీఠికలో వ్రాసిరి. ఈ అంకెను పట్టుకొని మరియొకడైనచో కన్యావిక్రయమను దురాచారముపై మంచి వ్యాసము వ్రాసియుండును, పదిమంది మెచ్చియుందురు, మరచియుందురు. గురజాడవారు ఆ పట్టికను తలక్రిందు చేసిరి. ఆడపిల్లను అమ్ముచున్నారు గదా, అమ్మిన పిల్ల ఆడపిల్లయే కాకున్న నేమగును? కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడువేషము వేసి లుబ్ధావధానులకు పెండ్లి చేయును. ధర చెల్లించినవాడు సరకును గుర్తుపట్టలేడు. సమస్యాపాదమునకు ఎంతమాత్రము తీసిపోని వాక్యమిది: మగపిల్లవాడు పెండ్లికూతురాయెను. 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చై, ఎంతో మార్పుతో 1909లో మరల అచ్చైన ఆ నాటకము నేటికిని మనలను నవ్వించుచున్నది. జాబితా లేనిచో ఈ తలక్రిందు చేయుట వట్టి ప్రహసనమై పోయెడిది. తలక్రిందు చేయుట లేనిచో జాబితా ప్రభుత్వపు దస్త్రమై యుండెడిది. విద్యార్థులు ఈ రెండింటిని విడదీయరాదు. ఊరిలో లెక్కింపదగినదానిని దేనినైనను ముందు లెక్కింపుడు, పిమ్మట దానిని త్రిప్పి చూడుడు.

కొత్త విషయమును పట్టుకొంటి ననుకొన్నవాడు అది నిజముగా కొత్తదో కాదో తెలిసికొనుట యెట్లు? దీనికి తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీరమున ఆనందవర్ధనుడు ఒక గీటురాయి నిచ్చిపోయెను. ధ్వన్యాలోకము చివరి ఉద్ద్యోతమున, ఒక కవి మాట మరియొకని మాటను పోలియుండుట మూడు విధములని అతడు చెప్పును. అద్దములో ప్రతిబింబము వంటిది ఒకటి. చిత్రమునకు వ్రాసిన రూపము వంటిది రెండవది. ఒక మనిషిని మరియొక మనిషి పోలియున్నట్టిది మూడవది. మొదటి రెండును విడువదగినవి, మూడవది దోషము కాదని అతని నిర్ణయము. తరువాత రాజశేఖరుడు కావ్యమీమాంసలో ఈ విభాగమునే ఇంకను విస్తరించెను. ఈ మాటలు మన వ్యాసపుస్తకములు దిద్దువారికొరకే చెప్పినట్లున్నవి. గైడులోని వాక్యమును అక్షరాల దింపినచో అది ప్రతిబింబము. 'ఆకాశము'నకు 'నింగి' యని, 'రైతు'నకు 'కర్షకుడు' అని మార్చినచో అది చిత్తరువు. రంగులు మారినవి గాని ప్రాణము లేదు. ఫోనులోని యంత్రమును, నీ సంగతి ఏదియు చెప్పకుండ, 'వర్షాకాలముపై వ్యాసము' అని అడిగినచో అది ఇచ్చునది చాలవరకు ఈ చిత్తరువే. మంచి చేయి తిరిగిన చిత్తరువు. మూడవదానియందు అవయవముల పొందిక ఒకటే కావచ్చును. అన్నదమ్ములు ఒకరినొకరు పోలరా? కాని వీని ఊపిరి వీనిది. ఆ బాలిక వ్రాసిన పైట యందు వాన ఉన్నది, పేదరికమున్నది. రెండును మనకు తెలిసినవే. తడియుట ఎండుట అను మాటలు తిరుగబడుటచే అవి ఆమెవైనవి. ఎవరును ఎరుగని విషయము కావలెనని మనము ఆమెను కోరనక్కరలేదు.

ఇక్కడ క్షేమేంద్రుని మాట కూడ ఒకటి చెప్పి ముందుకు పోవుదుము. 11వ శతాబ్దమున కాశ్మీరముననే అతడు కవికంఠాభరణమను చిన్న గ్రంథమును కొత్తగా వ్రాయనేర్చుకొనువారి కొరకు వ్రాసెను. అర్థము లేని మాటలతోనైనను ఛందస్సును నింపుట, పాత పద్యములోని మాటలు మార్చి చూచుట వంటి అభ్యాసములు అందు కలవు. వానితో పాటు నాటకములు చూడుము, శిల్పుల పనితనమును చూడుము అను ఉపదేశములును కలవు. కవికి ప్రతిభ జన్మతో వచ్చునను దేశముననే, దానిని సాధనముచే పెంచవచ్చునని ఇంత ఓపికగా వ్రాసినవారుండిరి. 'ఈ పిల్లవానికి ఊహ లేదండీ' అని పెదవి విరుచుటకు ముందు మనము దీనిని తలచుకొనవలెను.

అమెరికానుండి వచ్చిన పద్ధతులలో మన బడులలో ఎక్కువగా వాడుకలోనికి వచ్చినది 'బ్రెయిన్‌స్టార్మింగు'. ప్రకటనల వ్యాపారములో నుండిన అలెక్స్ ఆస్‌బర్న్ దీనిని ప్రచారము చేసెను. 1953లో వెలువడిన అతని గ్రంథము దీనికి పెద్దబాలశిక్ష వంటిది. పదిమంది కూర్చుండి తోచిన ఊహలనెల్ల చెప్పవలెను. ఎక్కువ ఊహలు వచ్చుట ముఖ్యము. ఒకరి ఊహపై మరియొకరు కట్టవచ్చును. ఎవరును అప్పుడే తప్పు పట్టరాదు. ఈ చివరి నియమము బంగారము వంటిది. మన తరగతులలో ఒకడు నోరు తెరచునంతలో వెనుకబల్లవాడు నవ్వును. ఆ నవ్వు కొన్ని సంవత్సరములకు సరిపోవు మౌనమును పుట్టించును. కాని పదిమంది కలిసిన ఊహలు పెరుగునన్న మాటను పరీక్షింపక నమ్మరాదు. 1958లో యేల్ విశ్వవిద్యాలయమున టేలర్, బెర్రీ, బ్లాక్ అను పరిశోధకులు దీనిని పరీక్షించిరి. నలుగురు కలిసి కూర్చుండి చెప్పినవానికంటె, నలుగురు వేరువేరుగా కూర్చుండి తలచినవానిని ఒకచోట చేర్చినప్పుడు ఊహలు ఎక్కువగా వచ్చినవి. గుంపులో ఒకడు పట్టిన దారినే తక్కినవారును పట్టుదురని వారు గ్రహించిరి. నెమలి యని ఒకడన్న అందరును నెమలి యనినట్లే. కనుక తరగతిలో మొదట ఐదు నిమిషములు ఎవరికి వారు మాటలాడక కాగితముపై వ్రాసికొని, పిమ్మట నలుగురును కలిపి చూచుకొనుట మేలు.

మరియొక సంగతి, కాలమును గూర్చి. గ్రేహమ్ వాలస్ అను ఆంగ్లేయుడు 1926లో ఆలోచనకు నాలుగు దశలు చెప్పెను: సామగ్రిని కూర్చుకొనుట, దానిని మనసున వదలివేయుట, హఠాత్తుగా తట్టుట, తట్టినదానిని సరిచూచుకొనుట. రెండవ దశను మన ఇల్లాండ్రు ఎవరును చెప్పకుండగనే యెరుగుదురు. పప్పు నానవేయకుండ రుబ్బుమనిన రోలు ఊరుకొనదు. విషయము శుక్రవారమిచ్చి వ్యాసము సోమవారము వ్రాయించిన, నడుమ రెండు దినములు అది పిల్లవాని వెంట సంతకు పోవును, చేనికి పోవును, చేపలు పట్టుటకును పోవును. గంట కొట్టగానే విషయమిచ్చి గంట కొట్టులోపల పుస్తకము లాగికొనుటలో ఈ నానుట కుదరదు. అవధాని నిమిషములో చెప్పుచున్నాడు గదా యందురా? ఆయన ఇరువది సంవత్సరములు నానవేసికొని వచ్చినాడు.

ఇన్ని చెప్పినను ఉపాధ్యాయ మిత్రుల చిక్కులు మేమెరుగనివి కావు. ఒక్కొక్కరికి రెండు మూడు తరగతులు, వందకు మించిన పుస్తకములు. పైగా పరీక్ష. వ్యాసమునకు ఉపక్రమము, విషయవిశ్లేషణము, ఉపసంహారము ఉన్నవో లేవో చూచి మార్కులు వేయు పద్ధతిలో నెమలికి మార్కులు నిశ్చయము, పైటకు అనుమానము. ఏ పిల్లవాడు సాహసించును? సాహసింపుమని ఏ తండ్రి చెప్పును? ఈ ప్రశ్నను దాటవేసి సృజనాత్మకతను గూర్చి ఉపన్యసించుట న్యాయము కాదు. మా మనవి యింతియే. సంవత్సరాంత పరీక్షను మార్చుట మన చేతిలో లేదు. కాని నెలకొక గంట మన చేతిలో నున్నది. ఆ గంటకు మార్కులుండరాదు, ఆదర్శవ్యాసము చదివి వినిపించుట ఉండరాదు, పది పంక్తులకు మించి వ్రాయించుట ఉండరాదు. పది పంక్తులైనచో వంద పుస్తకములను చూచుట కూడ అసాధ్యము కాదు. ఒక నెల తిరుగబడిన వాక్యము, ఒక నెల నిషిద్ధపదములు, ఒక నెల నాలుగు మాటల దత్తపది, ఒక నెల కొత్త పొడుపుకథ. వాక్యమును పిల్లలలోనే ఒకరు పృచ్ఛకులై ఇచ్చిన ఇంకను మంచిది. ప్రశ్న అడుగుట నేర్చినవాడు విషయము లేదనుట అరుదు.

యంత్రము సంగతి యేమందురా? ఆ గంటలో దానిని బయట పెట్టించిన చాలును. పెద్ద తరగతులవారు దానిని కూడ పృచ్ఛకునిగా కూర్చుండబెట్టవచ్చును: నీవు పూరింపవలదు, నాకు పది సమస్యలిమ్ము అని అడుగవచ్చును. ఎవరు అడుగుచున్నారు, ఎవరు పూరించుచున్నారు అనునదియే అక్కడ చూడవలసినది.

మిగిలినది దిద్దుబాటు ప్రశ్న. పైటను గూర్చి వ్రాసిన ఆ పది పంక్తులలో నాలుగు అక్షరదోషములుండినవి. రెండు చోట్ల వాక్యము తెగలేదు. 'ఎండును' అను మాటను ఒకచోట 'యెండున్ను' అని వ్రాసినది. భాషోపాధ్యాయునకు ఎఱ్ఱసిరా వంక చేయి పోవుట సహజము. మేము ఆ దోషములను వేరొక కాగితముపై వ్రాసి మరునాడు ఆమెకిచ్చితిమి. ఆమె వ్రాసిన కాగితముపై మాత్రము గీత గీయక, వాన పట్టిన దినములలో మీ యింట పొయ్యి ఎన్ని దినములు వెలుగలేదో జ్ఞాపకమున్నదా యని ఒక ప్రశ్న వ్రాసి తిరిగి ఇచ్చితిమి. వారము దినములకు దానికి జవాబుగా రెండు పుటలు వచ్చినవి.